తిరగెయ్యకూడని చేప

"ఆగు! ఆ చేప తిరగేశావంటే చెయ్యి విరగ్గొడతా!"

బియూ అరుపుకి ఆమె హోటల్లో ఉన్న నలుగురూ తలలెత్తారు. ఉత్తరాది నుంచి ఊరు చూడ్డానికొచ్చిన ఒకతని మణికట్టు ఆమె పిడికిట్లో ఉంది. అతని చాప్‌స్టిక్స్ మధ్య చేప సగం లేచి ఆగింది. ఫొటోల కోసం ఈ షున్‌పు రేవు ఆడవాళ్ళలా తలచుట్టూ పూలదండలు చుట్టించుకున్న అతని భార్య బిత్తరపోయి చూస్తోంది.

"పైన అయిపోయింది పెద్దమ్మా. కిందది తినొద్దా?"

"ముల్లు తీసేసి తిను. తిరగేస్తే సముద్రంలో పడవ తిరగబడుతుంది. నా కొడుకు పడవ మీదున్నాడు."

"సెల్‌ఫోన్ల కాలంలో ఇంకా ఇదేం చాదస్తం!"

"ఆ సెల్‌ఫోనే మూడు రోజులుగా మోగట్లేదు!"

కొడుకు జిన్‌షుయ్ పడవ రావలసిన రోజు దాటి మూడు రోజులైంది. రేవులో తుఫాను హెచ్చరిక ఇంకా దించలేదు. బియూకి ముద్ద దిగడం లేదు.

వంటింట్లోంచి కోడలు సుఛిన్ వచ్చి అత్త వేళ్ళు మెల్లగా విడదీసింది. "పోనీండి అత్తయ్యా, పై ఊరివాళ్ళు. వాళ్ళకేం తెలుసు?"

అతను విసవిసా లేచి భార్యతో వెళ్ళిపోయాడు. బియూ కోపం కోడలి మీదికి మళ్ళింది.

"మొగుడు వస్తాడో రాడో తెలీదు. నీ కంట్లో చుక్క నీరు లేదేమే?"

"ఏడిస్తే వస్తారా?"

సుఛిన్ పళ్ళెం తియ్యడానికి వంగింది. ఎడమ చెవి మీది పూలదండ జారింది. బియూ గబుక్కున దాన్ని సర్దింది. జిన్‌షుయ్ పడవెక్కిన పొద్దున, కమిలిన ఆ చోటు కనపడకుండా దండలు దట్టంగా చుట్టింది తనే. మగాడన్నాక కోపం రాదా, సర్దుకుపోవాలి అని చెప్పిందీ తనే.

"ఇంకా తగ్గలేదా?"

"తగ్గుతోందత్తయ్యా."

చేప సగం లేచినా దోషమే. సముద్రాన్ని కాచే మాజు తల్లికి క్షమాపణ చెప్పుకుందామని బియూ గుడికి బయల్దేరింది. ఆల్చిప్పల గోడ మలుపు దాకా వెళ్ళాక అగరొత్తులు మర్చిపోయిన సంగతి గుర్తొచ్చి వెనక్కొచ్చింది.

వంటింట్లో మాజు తల్లి పటం ముందు అగరొత్తులు వెలుగుతున్నాయి. సుఛిన్ కళ్ళు మూసుకుని దణ్ణం పెడుతోంది. ఆ చెంపల మీద ఇప్పుడు కన్నీళ్ళు కారుతున్నాయి.

పిచ్చిపిల్ల, పైకి చెప్పుకోదు గానీ మొగుడంటే ప్రాణం. అనవసరంగా నోరు చేసుకున్నాననిపించి బియూ మనసు కరిగిపోయింది. దగ్గరికి తీసుకుందామని గుమ్మంలో అడుగు పెట్టబోయింది.

సుఛిన్ కళ్ళు తుడుచుకుంది. చాప్‌స్టిక్స్ అందుకుని, ముల్లు విరక్కుండా, పళ్ళెంలోని చేపను జాగ్రత్తగా తిరగేసింది.