పిన్ని నిమిషాలు చెప్పదు

“అయ్యా, అది లైబ్రరీ పుస్తకం. మీ ఇంటి పలక కాదు!”

లైబ్రేరియన్‌కి ఒళ్ళు మండిపోయింది. రోజూ వచ్చి మూల కుర్చీలో కూర్చునే పెద్దాయన, ‘గరిటె’ పత్రికలో పెన్సిలుతో ఏదో కొట్టేస్తున్నాడు.

అసలే పొద్దుట్నుంచీ ఆవిడకి తల వేడెక్కిపోయి ఉంది. వస్తున్న వంటల పత్రికలు మూడు. ఇకమీదట ఒక్కటే తెప్పించాలట. అది ఏదన్నది సాయంత్రంలోగా తేల్చాలట.

‘పళ్ళెం’ నిండా బొమ్మలే, వంట ఎక్కడుందో వెతుక్కోవాలి. ‘ముద్ద’లో సినిమా తారల ఫ్రిజ్‌లో ఏముందో తప్ప ఇంకేం ఉండదు.

‘గరిటె’లో మాత్రం ‘పిన్ని పొయ్యి’ ఉంది. ఆ ఒక్క పేజీ చాలు ఆవిడకి.

అమ్మ పోయేనాటికి గుడ్డు ఉడకబెట్టడం కూడా రాని పిల్ల ఆవిడ. ఏడుపు మాన్పించి, పొయ్యి ముందు నిలబెట్టి వంట నేర్పింది ఆ పేజీలోని పిన్నే. ఎప్పటికైనా వెళ్ళి, చేతులు పట్టుకుని, “నువ్వే పెంచావు పిన్నీ” అనాలని ఆశ.

“పిన్ని పేజీ మీదా మీ గీతలు?”

పెద్దాయన దారం కట్టిన కళ్ళజోడు సర్దుకున్నాడు.

“ఉల్లిపాయలు పెద్ద మంట మీద పది నిమిషాలు వేయించాలట! ఉల్లిపాయ గడియారం చూసుకుంటుందామ్మా? పిన్ని నిమిషాలు చెప్పదు. వాసన చెబుతుంది.”

“పిన్ని సంగతి నాకు చెబుతారా? చిన్నప్పట్నుంచీ చదువుతున్నాను!”

“ఇకమీదట ఒక్క పత్రికేనటగా? ‘గరిటె’ ఇక దండగమ్మా, మానేయండి. ఆ బొమ్మలదే నయం. పిల్లలైనా చూస్తారు.”

ఆవిడకి చిర్రెత్తుకొచ్చింది.

“పిన్ని కాలిగోటికి సరిపోతారా మీరు? లేవండి! రేపట్నుంచి ఈ గుమ్మం తొక్కొద్దు!”

పెద్దాయన మెల్లగా లేచాడు.

“అంత ఇష్టమా అమ్మా, పిన్నంటే?”

“ప్రాణం. ఇక నడవండి.”

ఆయన ఎందుకో నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. ఆవిడ విసురుగా ‘గరిటె’కే సంతకం పెట్టేసింది.

ఆదివారం ఆ వంటే మొదలుపెట్టింది. మాడు వాసన వస్తున్నా, పిన్ని మాట జవదాటకూడదని పది నిమిషాలూ అలాగే నిలబడింది. ఉల్లిపాయలు బొగ్గయ్యాయి. ఇల్లంతా పొగ.

సోమవారం లైబ్రరీలో మూల కుర్చీ ఖాళీగానే ఉంది. ఆవిడ పత్రికాఫీసుకి ఫోను చేసింది.

“పిన్ని ఇలా రాయదే! ఒక్కసారి పిలవండి, నేనే మాట్లాడతాను.”

“పిన్ని మానేసి ఏడాదయిందండీ,” అవతలి గొంతు విసుక్కుంది. “ఆ పేజీ మేమే తలా ఒకసారి నింపుతున్నాం.”

“పోనీ, ఇల్లెక్కడో చెప్పండి.”

“ఖాళీ చేసి ఎటో వెళ్ళిపోయారు.”

“అయ్యో, ఆవిడ ఎలా ఉంటుందో అయినా చెప్పండి, వెతుక్కుంటాను!”

“ఆవిడ కాదండీ, ఆయన. కళ్ళజోడుకి దారం కట్టుకుని తిరిగే పెద్దాయన.”