గోడ మీది పేర్లు

పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా ఉన్న పాతకాలపు నడకదారిని బాగుచేయడానికి ప్రతి ఆదివారం పొద్దున కొందరు వలంటీర్లు వస్తారు. రబియాకు ఇదే మొదటి ఆదివారం. పేరు రాయించుకునేటప్పుడే, తనకు గోడ పని కావాలని అడిగింది.

పాత గోడ మీద వచ్చేపోయేవాళ్లు గీకిన పేర్లను సున్నంతో పూడ్చాలి. ఏడింటికి మొదలుపెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా పదింటికల్లా దాదాపు అన్నీ పూడ్చేసింది.

వలంటీర్లను చూసుకునే జగదీశ్ వచ్చి గోడంతా చూశాడు.

"మస్తు చేసిన్రు ఆంటీ. గీ ఒక్క పేరు మరిచిపోయినట్టున్నరు."

"మరిచిపోలే బేటా. ఆఖరుకు పెట్టుకున్న."

అతను వంగి చదివాడు. 'అజీమ్, 2019'. బండి తాళంచెవితో గీకినట్టు అక్షరాలు లోతుగా దిగి ఉన్నాయి.

జగదీశ్‌కు ఒళ్లు మండింది. "నూరేండ్ల గోడ ఆంటీ ఇది! గీ అజీమ్‌గానికి ఇంట్ల వాళ్లమ్మ ఏం చెప్పలేదా?"

రబియా తాపీ కింద పెట్టింది. చేతి తొడుగు తీసేసింది. సున్నం వేళ్లతో తీసుకుని, ఒక్కో అక్షరంలో నింపుతూ పోయింది. చివరికి అరచేత్తో రుద్ది చదును చేసింది. అక్కడ పేరు ఉండేదని ఇక ఎవరికీ తెలియదు.

"చెప్పిన బేటా," అంది గోడనే చూస్తూ. "గోడలు ఖరాబ్ చెయ్యకురా అని చెప్పిన. బండి మెల్లగ నడుపురా అని సుత చెప్పిన."