మేనకోడలి ఫోన్

"చెయ్యి తీయి బావా, నీడ పడుతోంది."

బావ తీయలేదు. బల్ల మీద విప్పి పెట్టిన ఫోన్‌కి అరచెయ్యి గొడుగులా అడ్డం పెట్టాడు.

"ముందు ఒక మాట చెప్పు. వెలుగుతుందా, వెలగదా?"

"నేను మెకానిక్కుని బావా, జోస్యం చెప్పేవాణ్ణి కాదు."

"మీ ఇంటివాళ్లంతా ఇంతే. అడిగింది తప్ప అన్నీ చెబుతారు." బావ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మెకానిక్ మనసు కాస్త కుదుటపడింది. ఆసుపత్రి నుంచి వచ్చాక బావ నోట ఎత్తిపొడుపు మాట వినడం ఇదే మొదలు.

ఆ ఫోన్ మేనకోడలిది. ఇంట్లో అందరూ ఆ పిల్లని రేడియో అనేవాళ్లు. నిద్రలో కూడా మాట్లాడేది మరి. ఇప్పుడు రేడియో లేదు. ఫోన్ మిగిలింది, అదీ సగమే. స్క్రీన్ నుజ్జయింది, బాడీ వంగింది, బ్యాటరీ పనికిరాదు.

మెకానిక్ షాపు షట్టర్ సగానికి దించాడు. పాత సామాను డబ్బాలోంచి అదే రకం ఫోన్లు మూడు ఏరాడు. బకెట్లో మునిగినదాని స్క్రీన్‌కి గీత కూడా లేదు. బండి కింద పడ్డదాని బ్యాటరీ బాగుంది. బోర్డు కాలిపోయిన మూడోదాని బాడీ నిక్షేపంగా ఉంది. అన్నీ ఎవరో పనికిరావని పారేసినవే. లోపలి బోర్డు మాత్రం రేడియోదే ఉండాలి. ఫొటోలు, పాటలు, మాటలు అన్నీ ఉండేది అందులోనే.

"ఇదిగో, ఈ ముక్క చితికింది. వేడిగాలి పెట్టి ఊడదీసి, ఇంకోటి అతకాలి. దాని పక్కనే మెమరీ. వేడి కాస్త ఎక్కువైందా, ఇక దేవుడు కూడా ఏమీ చేయలేడు."

"కానీయ్."

"తర్వాత నన్ను అనకూడదు."

"అననురా."

"అక్క అంటే?"

బావ ముళ్ల మీద కూర్చున్నట్టు స్టూలు అంచున కూర్చున్నాడు.

గన్ను లోంచి వేడిగాలి బుసకొట్టింది. మెకానిక్ పట్టకారు పట్టుకుని ఊపిరి బిగబట్టాడు. ఈ పని వందలసార్లు చేశాడు. ఈసారి ముక్క కదల్లేదు. ఇంకొంచెం దగ్గరికి తెచ్చాడు. సీసం వాసన వేసింది. బోర్డు అంచు గోధుమరంగుకు తిరుగుతోంది.

"కాలుతోందిరా," అన్నాడు బావ.

"మాట్లాడకు."

ముక్క జారి వచ్చింది. మెకానిక్ చొక్కా వీపుకి అంటుకుపోయింది. కొత్తది అతికాడు, బోర్డుని బాడీలో కూర్చోబెట్టాడు, బ్యాటరీ, స్క్రీన్ తగిలించి బటన్ నొక్కాడు.

ఏమీ లేదు.

బ్యాటరీ తీసి మళ్లీ పెట్టి నొక్కాడు. ఫోన్ ఒక్కసారి అరచేతిలో వణికి, వెలిగింది.

బావ కళ్లు మూసుకున్నాడు.

"నన్ను అనుకరిస్తూ ఒక వీడియో తీసింది బావా. నా నడకా, నా దగ్గూ. చూపించమంటే నవ్వుకుంటూ పారిపోయింది. ముందు అది చూడాలి." అంతలోనే మెకానిక్ ముఖం వాడిపోయింది. "లాక్ నంబరు అడుగుతోంది. ఆ పిల్ల అది ఎవరికీ చెప్పేది కాదుగా."

బావ ఫోన్ లాక్కుని, తడుముకోకుండా అంకెలు కొట్టాడు. తెరుచుకుంది.

"నీకెలా తెలుసు?"

"అదే చెప్పింది. చివర్లో."

మెకానిక్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. బావ ఫొటోల జోలికి పోలేదు. సెట్టింగ్స్ తెరిచి కిందికి, ఇంకా కిందికి జరిపాడు. మొత్తం తుడిచేయమంటారా అని ఫోన్ అడిగింది.

మెకానిక్ బావ మణికట్టు పట్టుకున్నాడు. "నీకేమైనా మతి పోయిందా?"

"వదలరా."

"వదలను. ఇంతసేపూ ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చున్నది దీనికా?"

"ఒట్టు వేయించుకుంది. 'నాన్నా, నా ఫోన్ ఎవరూ చూడకూడదు. అమ్మా చూడకూడదు, నువ్వూ చూడకూడదు. అంతా తుడిచెయ్' అంది. సరే తల్లీ అన్నాను. ఆ పిల్లకి నేను ఇచ్చిన ఆఖరి మాటరా అది. ఎక్కడైనా పారేద్దామంటే నీలాంటివాడి డబ్బాలోకి చేరుతుంది. ఎలా బతికిస్తారో ఇప్పుడు చూశాగా."

మెకానిక్ పట్టు సడలింది. కళ్లు తుడుచుకున్నాడు. కోపం మాత్రం పోలేదు.

"దానికి నా దగ్గరికి ఎందుకు బావా? ఇంట్లోనే సుత్తి తీసుకుని ఒక్కటి వేస్తే సరిపోయేది."

బావ బొటనవేలితో నొక్కాడు. స్క్రీన్ నల్లబడింది.

"వేశాను," అన్నాడు. "రెండో దెబ్బకి చెయ్యి లేవలేదు."