ఈ ఒక్క నెల చూడండి

“మీ సర్వీసుకో దణ్ణం! నా అకౌంటు మూసేయండి!” ఇంటర్వ్యూ చేస్తున్న మేనేజరమ్మ కోపిష్ఠి కస్టమర్‌లా బల్ల గుద్దింది. ఆ పెద్ద టెక్ కంపెనీలో ఫోన్లెత్తే ఉద్యోగానికి ఇదే ఆఖరి పరీక్ష.

ఉద్యోగానికొచ్చినామె మాటల కోసం తడుముకోలేదు. “మీ కోపం న్యాయమేనండీ. తప్పంతా మాదే. ఈ ఒక్క నెల చూడండి. అప్పటికీ వద్దనిపిస్తే నేనే దగ్గరుండి మూయిస్తాను.”

మేనేజరమ్మ కరిగిపోయింది. “ఉద్యోగం మీదే! ఇంత తియ్యగా మాట్లాడ్డం ఎక్కడ నేర్చుకున్నారు?”

“మా ఆయన దగ్గర. నేను పెట్టె సర్దినప్పుడల్లా అచ్చం ఇవే మాటలు.” నవ్వుతూ మొదలుపెట్టిన ఆమె, చివరికొచ్చేసరికి నవ్వడం మర్చిపోయింది.

మేనేజరమ్మ గొంతు తగ్గించింది. “మరి... ఆ ఒక్క నెల?”

“పాప కడుపులో ఉండగా మొదలైందండీ. ఇప్పుడు పాప బడికెళ్తోంది. ఆ నెల ఇంకా అవలేదు.”