చీటీలో లేని కీ

దేవరాజు ల్యాబులో సింకు చూడగానే నెల్సన్ గుమ్మంలోనే ఆగిపోయాడు. గడ్డకట్టిన నెత్తురు అంచుల చుట్టూ నల్లగా అట్టలు కట్టింది. అందులోనే రెండు టీ గ్లాసులు నానుతున్నాయి.

ఛీ! మనుషులేనా వీళ్లు?

"రండి నెల్సన్‌గారూ, రండి! టీ తాగుతారా?" అంటూ దేవరాజు అందులోంచే ఒక గ్లాసు తీసి విదిలించాడు.

"వద్దండి."

"చేతికి ఆ దూదేంటండీ?"

"పొద్దున బ్లడ్ ఇచ్చాను" అన్నాడు నెల్సన్. ఎవరికో చెప్పలేదు.

ఇచ్చింది వాళ్లమ్మ ప్రభావతికి. దెందులూరులో టీచరమ్మ. మూడు నెలలుగా ఒకటే ఆయాసం, నీరసం. నెలకోసారి రక్తపరీక్ష చేయించుకుంది, మూడుసార్లూ ఈ ల్యాబులోనే. "నేను కంప్యూటర్ పెట్టిన ల్యాబమ్మా, అంకె తప్పు రాదు" అని పంపించింది నెల్సనే. మూడుసార్లూ అంతా బాగుందనే వచ్చింది. ఊళ్లో డాక్టరు ఆకలి మందు రాసి ఊరుకున్నాడు.

నిన్న ఆదివారం చర్చిలో పాట మధ్యలో కూలిపోయింది. ఏలూరు తీసుకొస్తే, ఒంట్లో ఉండాల్సిన రక్తంలో మూడో వంతే ఉందన్నారు. "ఇంతదాకా వచ్చేవరకూ ఏం చేస్తున్నారయ్యా? సాయంత్రం గడిస్తే గానీ ఏ మాటా చెప్పలేను" అన్నాడు అక్కడి డాక్టరు. నెల్సన్ చొక్కా చెయ్యి పైకి లాక్కుని మంచమెక్కాడు. "నీ నెత్తురుకేమయ్యా, నిక్షేపంలా ఉంది" అంది నర్సు.

తర్వాత అమ్మ పక్కన కూర్చుని మూడు రిపోర్టులూ వరసగా పెట్టి చూశాడు. హిమోగ్లోబిన్ పద్నాలుగు పాయింట్ రెండు. పద్నాలుగు పాయింట్ రెండు. పద్నాలుగు పాయింట్ రెండు. మిగతా అంకెలూ అంతే, ఒక్కటి తేడా లేదు.

అందుకే తిన్నగా ఇక్కడికి వచ్చాడు.

"కంప్యూటర్ ఎలా పనిచేస్తోందో చూద్దామని" అన్నాడు పైకి.

"మీరు పెట్టింది బంగారమండీ! మూడేళ్లయింది, ఒక్కరోజు పని ఆగితే ఒట్టు!"

ఆ పని నెల్సన్ మనసు పెట్టే చేశాడు. అప్పట్లో కంప్యూటర్ ముందొచ్చింది. రక్తపరీక్ష మెషిన్ పదిరోజులు ఆలస్యంగా దిగింది. దిగాక దాని వెనక నుంచి సీరియల్ కేబుల్ లాగి కంప్యూటర్‌కి బిగించాడు. మెషిన్ పంపే అంకెల్ని పట్టుకునే సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. నెత్తుటి గ్లోవ్సుతో మౌసు పట్టుకోలేమంటే అన్నిటికీ షార్ట్‌కట్ కీలు పెట్టాడు. ఎఫ్ ఫైవ్ నొక్కితే అంకెలు రావడం మొదలవుతుంది. ఎఫ్ సిక్స్ ఆపడానికి, ఎఫ్ సెవెన్ సేవ్ చెయ్యడానికి, ఎఫ్ ఎయిట్ ప్రింటుకి. నాలుగూ ఒక చీటీ మీద రాసి మానిటర్‌కి అంటించాడు. తాడేపల్లిగూడెం నుంచి కైకలూరు దాకా ఇలా ఇరవై ల్యాబులు చేశాడు.

ఆ చీటీ ఇంకా ఉంది, ఈగల మచ్చలు పడి.

ఇంతలో ఒకాయన వచ్చాడు. పేరు మౌలాలి, కొల్లేటి చేపల లారీల మీద పని. పది రోజులుగా కళ్లు తిరుగుతున్నాయట. దేవరాజు సూది గుచ్చి నెత్తురు తీశాడు. మౌలాలి చొక్కా సర్దుకునేలోగా ట్యూబు మూత తీసి సింకులో వంచేశాడు. టీ గ్లాసుల మీదే.

నెల్సన్ చూస్తున్నాడన్న జంకైనా లేదు మహానుభావుడికి! మెషిన్ మీద గుడ్డ కప్పి ఉంది. కేబుల్ ఊడి వేలాడుతోంది. దానికి సాలెగూడు.

దేవరాజు కంట్రోల్ కీ పట్టుకుని ఎఫ్ నైన్ నొక్కాడు. తెర నిండా అంకెలు వచ్చి పడ్డాయి. ఎఫ్ ఎయిట్ నొక్కాడు. ప్రింటరు కీచుమంది.

"బాగానే ఉందాండీ?" అన్నాడు మౌలాలి.

"భేషుగ్గా ఉంది! పద్నాలుగు పాయింట్ రెండు!"

మౌలాలి ఆ కాగితం కళ్లకద్దుకున్నాడు. నెల్సన్ ఒక్క అంగలో అక్కడికొచ్చాడు. కాగితం లాక్కుని పర్రున చింపాడు.

"ఇది నమ్మకండి. ఇంకోచోట చేయించుకోండి, ఇప్పుడే వెళ్లండి" అని ఆయన్ని పంపేసి దేవరాజు మీదికి తిరిగాడు. "అన్నం తింటున్నారా, గడ్డి తింటున్నారా? దెందులూరు ప్రభావతి మా అమ్మండీ! మూడుసార్లు ఇదే కాగితం ఇచ్చారు!"

"అయ్యయ్యో! మీ అమ్మగారని ముందే చెబితే మెషిన్ మీదే పెట్టేవాణ్ణి కదండీ!"

నెల్సన్ చింపిన కాగితాన్ని బల్ల మీద కొట్టాడు.

"అందరికీ ఒకే అంకెలా?"

"ఎవరి కాగితం వాళ్లు చూసుకుంటారండీ. పక్కోడిది ఎవడు చూస్తాడు?"

"ఈ ఎఫ్ నైన్ ఎవడు పెట్టాడు?"

దేవరాజు తెల్లబోయాడు. "అదేంటండీ, అలా అడుగుతారు..."

"ఆ తణుకు కంప్యూటర్ల వెంకట్రాజేనా? వాడైతేనే ఇలాంటి పాడుపని చేస్తాడు! పెట్టినవాడి చేతులు పడిపోను!"

దేవరాజు ఏదో అనబోయాడు. "నోర్ముయ్యండి!" అని నెల్సన్ అతన్ని పక్కకి నెట్టి కుర్చీలో కూర్చున్నాడు. ముందు ఆ కీ తీసిపారెయ్యాలి. షార్ట్‌కట్‌ల జాబితా తెరిచాడు. అందులో ప్రతి కీ పక్కనా అది దేనికో పెట్టినవాళ్లు రాసిన మాట ఉంటుంది. పైన నాలుగూ తను రాసినవే.

అయిదోది ఎఫ్ నైన్. దాని పక్కన, మెషిన్ ఇంకా దిగకముందు తెర మీద అంకెలు ఎలా వస్తాయో దేవరాజుకి చూపించడానికి తనే టైపు చేసి, తర్వాత తీసెయ్యడం మరిచిపోయిన మాట ఉంది: 'డెమో – నెల్సన్ బ్లడ్ రిపోర్ట్'.