కొర్రమీను కడుపు

"ఇంత పెద్ద చేప, కడుపులో ఏమీ లేదేంట్రా?" కత్తిపీట మీద కొర్రమీనును కోస్తూ అడిగింది అక్క. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే.

"పిల్లల్ని కాస్తున్న చేప అక్కా. వాటికి తిండి మీద ధ్యాస ఉండదు."

"మరి ఎరకెలా పడింది?"

"తినడానికి రాలేదు. చెరువులో ఎర్రగా పిల్లల గుంపు తేలింది. సరిగ్గా దాని మధ్యలో గాలం ఆడించా. పిల్లల జోలికొచ్చారని మీదికొచ్చి కరిచింది."

గొప్పగానే మొదలుపెట్టాను. చివరికొచ్చేసరికి నా గొంతు నాకే వినపడలేదు.

అక్క చెయ్యి ఆగింది. "ఆ పిల్లలో?"

"నేను వచ్చేసేదాకా అక్కడక్కడే తిరుగుతున్నాయి."

అక్క కూర వండి, మంచి ముక్కలన్నీ ఏరి నా కంచంలో వేసింది.

"మరి నీకు?"

"నాకు ఆకలిగా లేదులేరా. నువ్వు తిను."

చిన్నప్పుడు రోజూ విన్న మాటే. నిజమేననుకుని సుబ్బరంగా తిని లేచిపోయేవాణ్ణి. గిన్నెలో ఏమైనా మిగిలిందా అని ఒక్కనాడూ మూత తీసి చూడలేదు.