ఎడారి దొంగ మూట

"ఛీ!" అంటూ ధాత్రి మౌస్ పక్కకు తోసేసింది.

కోల్‌కతా సాల్ట్‌లేక్‌లోని ఆ చిన్న కంపెనీ ముప్పై ఏళ్ల కిందటి వీడియో గేమ్‌ను కొత్తగా తయారుచేస్తోంది. ఎడారిలో ఒంటెల బిడారు పోతుంటుంది. ఇసుక దిబ్బల వెనక నుంచి సంచార జాతులవాళ్లు ఊడిపడతారు. అందరూ దొంగలే. అందరికీ ఒకటే మొహం, ఒకటే గడ్డం. కాల్చి పారేస్తే పాయింట్లు.

"బిడార్లకు దారి చూపెట్టిందే వాళ్లు, అన్నా. నీళ్లు యాడున్నయో తెలిసింది వాళ్లకే. ఇందుల వాళ్లకు దొంగతనం తప్ప వేరే పనే లేదు. కంపరమైతుంది!"

టీమ్ లీడర్ వెంకటేశు తలూపాడు. నలభై దాటిన మనిషి, పెద్దగా మాట్లాడడు. "మొగోళ్లను నీకెట్ల తోస్తే అట్ల మార్చు. ఆ ఆడమనిషిని మాత్రం ముట్టకు."

ధాత్రికి ఒళ్లు మండింది. అన్నిట్లోకీ రోత పుట్టించే బొమ్మే అది. వీపున దొంగసొత్తు మూట కట్టుకుని పరిగెత్తుతుంటుంది. మూటకు గురిపెట్టి కొడితే రెట్టింపు పాయింట్లు. పైగా అది ఎడారి వేషమే కాదు. అద్దాల పరికిణీ, చేతుల నిండా తెల్ల గాజులు. ధాత్రిది వరంగల్, చూడగానే పోల్చుకుంది. గీసినవాడెవడో ఏ పోస్టుకార్డు మీదో లంబాడీ ఆవిడను చూసి, ఎడారి దొంగను చేసి వదిలాడు. ఎద్దుల మీద ఉప్పూ ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగినవాళ్లకు దక్కిన మర్యాద అదీ!

వెంకటేశుకు ఇవేవీ పట్టవు. ఈ గేమ్ కొనమని ఓనర్ వెంటపడిందే ఆయన. రోజూ ఝాల్‌ముడి మరమరాలు తింటూ పాత గేమే ఆడతాడు. తెర మీదికి ఆ మూట ఆడమనిషి రాగానే కాల్చడం మానేసి కళ్లప్పగించి చూస్తాడు. ఓడిపోతాడు.

"వెంకటేశ్ దా మళ్లీ చచ్చాడు! అంత బావుందా ఆ దొంగ?" అని, అన్నను 'దా' అని పిలిచే పక్క సీటు బెంగాలీ కుర్రాడు నవ్వుతాడు. ఆ చూపు ధాత్రికి మరీ అసహ్యం.

ఆయన సెలవు పెట్టిన రోజు ధాత్రి ఆ బొమ్మను కొత్త గేమ్‌లోంచి తీసేసింది. పాత గేమ్ డిస్కు కాపీ చేస్తున్నప్పుడే పాడైపోయింది. మిగిలింది సర్వర్లోని కాపీ, దాని బ్యాకప్. రెండింట్లోనూ చెరిపేసింది. మురికి కడిగేసినంత హాయిగా అనిపించింది.

మర్నాడు వెంకటేశు పాత గేమ్ తెరిచాడు. ఇసుక దిబ్బలు వచ్చాయి. ఒంటెలు వచ్చాయి. ఆమె రాలేదు.

"ఆమె ఏది?"

"తీసేసిన. యాడా లేకుండ చెరిపేసిన. ఇగ ఎవ్వరూ ఆమెను కాల్చలేరు. మీకే బాధేమో!"

మట్టి కప్పులో టీ చల్లారిపోయింది. వెంకటేశు ఖాళీ ఇసుకనే చూస్తున్నాడు.

"ఆమెను ఒక పోస్టుకార్డు చూసి గీసిన్రు. అసొంటిదే ఒకటి మా నాయన నాంపల్లి స్టేషన్ల కొన్నడు. నేను బడికి పోయే వయసుల గుడిసెతోపాటు కాలిపోయింది."

"అయితే?"

"మా అమ్మకు ఇంకో ఫొటో లేదు ధాత్రీ, ఆ వీపు మీది మూటల ఉన్నది నేను."